రెల్లుకు కణుపు, తుంగకు అంచు, జమ్ముకు నునుపు

ఒకప్పుడు రెల్లు, తుంగ, జమ్ము చూడడానికి ఒక్కలాగే ఉండేవి. మెత్తటి కాడ, పచ్చటి కాడ, గట్టిగా పట్టుకుంటే నలిగిపోయే కాడ. ఏది ఏదో ఎవరికీ తెలిసేది కాదు.

నీటికోడికి కూడా తెలిసేది కాదు. పొద్దున గూడు కట్టుకుని మేతకు వెళ్ళేది. మధ్యాహ్నం తిరిగొచ్చి, "నా గూడు తుంగలో కట్టానా, జమ్ములో కట్టానా? అసలిది తుంగా, జమ్మా?" అని మెడ తిప్పి తిప్పి చూసేది.

ఆ మూడూ అక్కచెల్లెళ్ళు. పెద్దది రెల్లు, నడిమిది తుంగ, చిన్నది జమ్ము. కొండ కింద ఒక పెద్ద ఆవ ఉండేది. ఆవ అంటే పూర్తిగా నేలా కాదు, పూర్తిగా నీళ్ళూ కాదు. సగం బురద, సగం నీరు. ఆ ఆవలోనే ముగ్గురూ పుట్టారు, అక్కడే పెరిగారు.

రెల్లు గట్టు మీద నిలబడేది. అక్కడ నేల గట్టిది. తుంగ గట్టు దిగాక, చీలమండ మునిగే బురదలో నిలబడేది. జమ్ము ఇంకా లోపల, నడుము లోతు నీళ్ళలో నిలబడేది.

జమ్ము కాళ్ళ కింద ఊబి ఉండేది.

ఊబికి కళ్ళు లేవు, చేతులు లేవు. నోరు ఉంది, చెవులు ఉన్నాయి. ఆ నోటికి అడుగు లేదు. ఆ చెవులకు వినబడనిది లేదు. పైన తూనీగ వాలినా దానికి తెలిసిపోయేది. కళ్ళ పని నీటిపాము చేసిపెట్టేది. రోజంతా ఆవలో ఈదుతూ, చూసినవన్నీ ఊబి చెవిలో వేసేది.

ఊబికి ఇంకో విద్య ఉండేది. ఎవరిని మింగితే వాళ్ళ గొంతు దానిదైపోయేది.

ఒకసారి దాహానికి వచ్చిన దూడను మింగింది. మర్నాటినుంచి ఆవలోంచి "అంబా" అని వినబడేది. తల్లిగేదె గట్టు మీద మూడు రోజులు నిలబడి అరిచి, నాలుగో రోజు అదీ లోపలికి దిగింది. మళ్ళీ పైకి రాలేదు.

అప్పటికే ఊబి అక్కచెల్లెళ్ళతో ఒక మాట చెప్పి ఉంచింది.

"మీరు ముగ్గురూ ఒకేలా ఉండాలి. ఒకేలా ఊగాలి. గట్టి నేల ఎక్కడ అయిపోయిందో, నా నోరు ఎక్కడ మొదలైందో వచ్చినవాడికి తెలియకూడదు. మీలో ఎవరు వేరుగా కనిపించినా నీటిపాము నాకు చెబుతుంది. ఎవరు నోరు విప్పినా నాకు వినబడుతుంది. మీ వేళ్ళు ఎక్కడున్నాయో తెలుసుగా?"

వాళ్ళకు తెలుసు. జమ్ము వేళ్ళు ఊబి నాలుక మీదే ఉన్నాయి. తుంగ వేళ్ళు దాని పెదవి పక్కన ఉన్నాయి. రెల్లు వేళ్ళు కాస్త దూరమే గానీ, చెల్లెళ్ళు పోతే తానొక్కతీ ఏం చేస్తుంది?

అందుకని ముగ్గురూ నోరు మూసుకున్నారు. ఒకేలా ఊగారు.

ఆవ పక్కన చాపలపాలెం అని ఒక చిన్న ఊరు ఉండేది. అందరూ చాపలు అల్లేవాళ్ళే. ఆవలో కాడలు కోసి, ఎండబెట్టి చాపలు అల్లేవాళ్ళు. మిగిలినది ఇళ్ళ మీద కప్పుకునేవాళ్ళు. ఏ కాడ ఏదో వాళ్ళకూ తెలియదు. కొడవలికి ఏది అందితే అది కోసేవాళ్ళు. గట్టు మీదే ఉన్నాం కదా అనుకుంటూ కోస్తూ కోస్తూ లోపలికి పోయేవాళ్ళు. కొందరు తిరిగి వచ్చేవాళ్ళు కాదు.

సన్యాసి అనే ముసలాయన అలాగే పోయాడు. ఊళ్ళో అందరికీ కథలు చెప్పేవాడు ఆయన. ఆ తరువాత ఎర్నమ్మ పోయింది.

ఎర్నమ్మకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదాని పేరు లోవమ్మ, తొమ్మిదేళ్ళది. చిన్నది నూకాలు, ఇంకా చంకదిగని పసిపిల్ల. ఆ రోజు ఎర్నమ్మ చంటిదాన్ని లోవమ్మకు ఇచ్చి, గట్టు మీద కూర్చోబెట్టి, కోతకు దిగింది.

కాసేపటికి కొడవలి చప్పుడు ఆగిపోయింది. లోవమ్మ లేచి చూసింది. అమ్మ నడుము దాకా బురదలో ఉంది. రెండు చేతులతోనూ జమ్మును పట్టుకుని ఉంది.

"అమ్మా!" అని లోవమ్మ ముందుకు ఉరికింది.

"రాకు!" అని ఎర్నమ్మ అరిచింది. "అక్కడే ఉండు లోవా! చెల్లిని కిందికి దించకు! నా దగ్గరికి రాకు!"

జమ్ము చూస్తూనే ఉంది. తన ఒంటిని పట్టుకున్న ఆ రెండు చేతులూ వేడిగా ఉన్నాయి. జమ్ము అప్పుడు మెత్తటి కాడ కదా. ఆ పట్టుకు నలిగింది, తెగింది. చేతిలో తెగిన ముక్కలతోనే ఎర్నమ్మ లోపలికి జారిపోయింది. నీటి మీద రెండు బుడగలు లేచి పగిలాయి.

కడుపు నిండితే ఊబి నాలుగు రోజులు మొద్దునిద్ర పోయేది. అప్పుడొక్కటే అక్కచెల్లెళ్ళకు మాట్లాడుకునే వీలు.

"అక్కా," అంది జమ్ము సన్నగా. "ఆమె చేతులు ఇంకా నా మీదే ఉన్నట్టుంది. ఆ వేడి పోవడం లేదు."

"మరిచిపో" అంది రెల్లు. "నేనూ మరిచిపోతాను."

"గట్టు మీద ఆ పిల్ల పొద్దుగూకేదాకా కదలకుండా నిలబడింది. నీ పక్కనే కదా నిలబడింది. నువ్వెలా మరిచిపోతావు?"

 రెల్లు తన కొసలను గట్టు వైపు తిప్పుకుంది.

"చెప్పి ఉండాల్సింది" అంది తుంగ. "ఒక్క కేక వేసి ఉండాల్సింది. కానీ నాకు భయమే. నిజంగా భయమే. నా వేళ్ళ పక్కన అది ఊపిరి పీలుస్తుంటే నాకు తెలుస్తూ ఉంటుంది."

"నాకు అది నమలడం తెలుస్తుంది" అంది జమ్ము.

 దూరంగా నీటిపాము తల పైకెత్తింది. వెంటనే ముగ్గురూ మళ్ళీ ఒకేలా ఊగడం మొదలుపెట్టారు.

ఏళ్ళు గడిచాయి. చాపలపాలెం వాళ్ళు ఆవలోకి దిగడం దాదాపు మానేశారు. గట్టు మీద ఉన్నది మాత్రం కోసుకుని గబగబా ఇంటికి పోయేవాళ్ళు. లోవమ్మే చెల్లెల్ని పెంచింది. నీళ్ళు పోసింది, జడ వేసింది, చాప అల్లడం నేర్పింది. అమ్మ గురించి మాత్రం ఎక్కువ చెప్పేది కాదు.

నూకాలు అడిగేది. "అమ్మ ఎలా ఉండేది అక్కా?"

"నీలాగే ఉండేది."

"ఎలా మాట్లాడేది?"

"అందరిలాగే మాట్లాడేది. పని చూసుకో."

నూకాలుకు పదిహేనేళ్ళు వచ్చిన ఏడు పెద్ద తుఫాను వచ్చింది. చాపలపాలెంలో ఒక్క ఇంటికి కూడా కప్పు మిగల్లేదు. గట్టు మీది రెల్లు పడుకుండిపోయి కుళ్ళిపోయింది. లోవమ్మ వాళ్ళ అయ్య అప్పటికే మంచం పట్టి ఉన్నాడు. పుష్యమాసం చలి. తెల్లవారేసరికి దుప్పటి తడిసి ముద్దయ్యేది. ఆయన దగ్గుతుంటే పక్కింటివాళ్ళకు వినబడేది.

"ఇంకో వారం ఇలాగే పడుకుంటే అయ్య బతకడు" అంది నూకాలు. "గట్టుకు అటువైపు పచ్చగా ఉంది అక్కా. నేను చూశాను. పోయి కోసుకొద్దాం."

 లోవమ్మ అయ్య వైపు చూసి కొడవళ్ళు రెండూ తీసింది.

"నా కొంగు పట్టుకుని నడవాలి. వదలకూడదు."

"చిన్నపిల్లనా ఏమిటి?" అని నూకాలు నవ్వింది. అయినా కొంగు పట్టుకుంది.

తెల్లగా తెల్లవారాక బయల్దేరారు. గట్టు దాటి అటువైపుకు వెళ్ళారు. పచ్చటి కాడలు వాళ్ళ చేతులకు అందాయి. అది గట్టు చివర కుళ్ళకుండా నిలబడ్డ రెల్లు. ఇద్దరూ కోత మొదలుపెట్టారు. కోసేటప్పుడు కొంగు పట్టుకుని ఎవరు కోయగలరు? నూకాలు వదిలేసింది.

కింద ఊబి మేలుకునే ఉంది. చాలా కాలంగా దానికి తిండి లేదు. పైన కొడవళ్ళ చప్పుడు వింది. కొండ మీద పడుకున్న పొగమంచును పిలిచింది.

"మంచూ, ఓ మంచూ! కిందికి దిగవే. ఆవంతా నీ మెత్తటి ఒంటితో కప్పవే."

"దిగితే ఎవరికీ ఏమీ కనబడదు" అంది మంచు. దానికి చెడూ తెలియదు, మంచీ తెలియదు. "దారిలో ఎవరన్నా ఉంటే తప్పిపోతారేమో."

"నాకు కావలసింది అదే" అంది ఊబి.

మంచు కొండ మీదినుంచి జారింది. పాలు పొంగినట్టు ఆవ మీద పరుచుకుంది. చూస్తుండగానే కొండ పోయింది, ఊరు పోయింది, గట్టు పోయింది. చాచిన చెయ్యి చివర వేళ్ళు కూడా కనబడలేదు.

"నూకా!" అంది లోవమ్మ. "ఎక్కడున్నావే?"

"ఇక్కడే అక్కా."

"కదలకు. మంచు పోయేదాకా ఉన్నచోటే నిలబడు. నేను వస్తున్నాను."

అప్పుడు ఎవరో పిలిచారు.

"ఏమ్మా, దారి తప్పారా? ఇటు రండి. గట్టు ఇటే ఉంది."

ముసలి గొంతు. హాయిగా, ఇప్పుడే కథ చెప్పబోతున్నట్టుగా ఉంది.  అది సన్యాసి తాత గొంతు. సన్యాసి తాత పోయి పద్దెనిమిదేళ్ళయింది.

"నూకా, జవాబు చెప్పకు!" అంది లోవమ్మ. "చెవులు మూసుకో!"

మరో పక్కనుంచి "అంబా" అని వినబడింది. ఇంకో పక్క ఎవరో పసివాడు ఏడ్చాడు. వాడెవడో లోవమ్మకు తెలియదు. ఏ కాలంలో పోయాడో! ఆమె చేతులు చాచి చెల్లెలి కోసం వెతికింది. తడి ఆకులు తగిలాయి, చెల్లెలు తగల్లేదు.



తరువాత, చాలా మెల్లగా, ఒక ఆడగొంతు అంది.

"నూకాలూ… నా తల్లీ…"

 ఆ గొంతు లోవమ్మకు తెలుసు. ఆ గొంతు విని పదిహేనేళ్ళయినా, నిన్న విన్నట్టే ఉంది. కొంచెం బొంగురు. "తల్లీ" అనేటప్పుడు చివర సాగదీయడం.

నూకాలుకు ఆ గొంతు విన్న జ్ఞాపకమే లేదు. అయినా గుర్తుపట్టింది. పిల్లలకు ఎలా తెలుస్తుందో ఏమో, తెలిసిపోతుంది.

"అమ్మా?" అంది నూకాలు.

"నేనేనమ్మా. ఎంత పెద్దదానివైపోయావు! రా, నీ మొహం ఒక్కసారి చూడనీ."

"అమ్మా!" అని నూకాలు నడిచింది.

"వద్దు నూకా! అది అమ్మ కాదు!" అని లోవమ్మ అరుస్తూ ఆ అడుగుల చప్పుడు వెంట పరుగెత్తింది.

రెల్లు వాళ్ళిద్దరినీ గొంతులు విని గుర్తుపట్టింది. ముందు వెళ్తున్నది ఆ రోజు చంకలో ఉన్న పసిపిల్ల. వెనక వెళ్తున్నది ఆ రోజు గట్టు మీద నిలబడ్డ పిల్ల. ఇద్దరి చేతులూ తన ఒంటి మీదినుంచి రాసుకుంటూ పోతున్నాయి.

"ఆగండి!" అని అరవబోయింది రెల్లు. చెల్లెళ్ళ వేళ్ళు గుర్తొచ్చాయి. కేక గొంతుదాకా వచ్చింది, మింగేసింది. మింగిన కేక ఒంట్లో ఒకచోట ముడిపడింది. మళ్ళీ అరవబోయింది, మళ్ళీ మింగింది. ఇంకో ముడి పడింది. అలా ఎన్ని కేకలు మింగిందో అన్ని ముడులు, ఒకదాని మీద ఒకటి, కిందినుంచి పైదాకా పడ్డాయి. మెత్తటి కాడ గట్టిపడిపోయింది.

నీటిపాము అక్కడే ఉంది. కానీ మంచులో దానికీ ఏమీ కనబడలేదు.

తరువాత వాళ్ళు తుంగలోకి వచ్చారు. చీలమండలు బురదలో దిగాయి. తుంగ వేళ్ళ పక్కనే ఊబి ఆకలిగా ఊపిరి పీలుస్తోంది. తుంగకు పారిపోవాలని ఉంది. మొక్క ఎక్కడికి పారిపోతుంది? భయంతో కొయ్యలా బిగుసుకుంది. ఇంకా ఇంకా బిగుసుకుంది. ఎముకలు పైకి తేలినట్టు దాని ఒంటి మీద అంచులు తేలాయి. ఒకటి, రెండు, మూడు. లోవమ్మ పరుగెత్తుతూ పట్టుకున్నప్పుడు ఆ అంచు అరచేతిని కోసింది. ఆమె "అబ్బా" అంది గానీ ఆగలేదు.

ఆ ముందర జమ్ము ఉంది.

నూకాలు రెండడుగులు వేసింది. మూడో అడుగుకు నేల లేదు.

బురద మోకాళ్ళు మింగింది, తొడలు మింగింది. నూకాలు కేక పెట్టి, చేతికి అందిన దాన్ని రెండు చేతులతోనూ పట్టుకుంది. జమ్మునే పట్టుకుంది. అవే వేడి చేతులు. అదే పట్టు.

జమ్ము భయపడింది. ఇంతకుముందెన్నడూ భయపడనంత భయపడింది. కానీ ఆ భయం ఊబిని చూసి కాదు. మళ్ళీ తెగిపోతానేమోనని.

తెగకూడదు అనుకుంది. ఎంత ఊపిరి పడితే అంత ఊపిరి లోపలికి పీల్చింది. కొసనుంచి మొదలుదాకా, అడ్డం లేకుండా, ముడి లేకుండా, గాలి నింపుకుంది. నింపుకుని బిగబట్టింది. కాడ ఉబ్బింది. గుండ్రంగా, నున్నగా అయింది. లోపలంతా తెల్లటి బెండు పట్టింది. ఊబి కిందికి లాగితే జమ్ము పైకి తేలింది.

"వదిలెయ్యి తల్లీ" అంది ఊబి ఎర్నమ్మ గొంతుతో. "అలిసిపోయావు. నా ఒళ్ళోకి రా. ఇక్కడ వెచ్చగా ఉంటుంది."

నూకాలు చేతులు సడలాయి. "అమ్మ పిలుస్తోంది అక్కా" అంది. ఏడుస్తోంది. "నన్నెప్పుడూ ఎవరూ ఇలా పిలవలేదు."

లోవమ్మ తుంగ అయిపోయిన చోట బోర్లా పడింది. మోచేతులు బురదలో దిగాయి. చెల్లెలు కనబడడం లేదు, ఏడుపే వినబడుతోంది.

"నూకా, విను! నీకు అమ్మ మాట చెప్పలేదు కదూ? ఇప్పుడు చెబుతాను. అమ్మ పోయేటప్పుడు నేను గట్టు మీదే ఉన్నాను. నువ్వు నా చంకలో ఉన్నావు. అమ్మ చివరిసారి అన్న మాట 'రాకు' అని. 'చెల్లిని దించకు, నా దగ్గరికి రాకు' అంది. మునిగిపోతూ కూడా మనల్ని పిలవలేదే! తనను రక్షించమని కూడా అనలేదు! రమ్మనేది మన అమ్మ కాదు!"



నూకాలు చేతులు జమ్మును గట్టిగా పట్టుకున్నాయి.

లోవమ్మ ముందుకు పాకింది. గుండ్రటి కాడలు చేతికి తగిలాయి. రెండు చేతులతో వాటిని వంచి, ఒకదాని మీద ఒకటి పడేసి, వాటి మీద బోర్లా పడుకుంది. జమ్ముకు ఒళ్ళంతా విరిగినంత నొప్పి వేసింది. అయినా ఊపిరి వదల్లేదు. ఆ కట్ట నీటి మీద తెప్పలా తేలింది.

లోవమ్మ చేతికి ఒక జడ దొరికింది. తరువాత భుజం దొరికింది. చంకల కింద చేతులు వేసి లాగింది. ఊబి కింద గుటకలు వేస్తోంది. నూకాలు నడుము బయటికి వచ్చింది. ఒక కాలు వచ్చింది. రెండో కాలు చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు పెద్ద చప్పుడైంది, బుడుంగుమని.

ఇద్దరూ జమ్ము మీద పడి రొప్పుతున్నారు.

అప్పుడు ఊబికి కోపం వచ్చింది. దాని దగ్గరున్న గొంతులన్నీ ఒక్కసారే వదిలింది. సన్యాసి తాత ఎడమ పక్కనుంచి పిలిచాడు. దూడ కుడి పక్కనుంచి అరిచింది. పసివాడు వెనకనుంచి ఏడ్చాడు. ముందునుంచి ఎర్నమ్మ, "లోవా, గట్టు ఇటే, ఇటు రా" అంది.

"ఎటు పోదాం అక్కా?" అని నూకాలు అడిగింది. "గట్టు ఎటు?"

లోవమ్మకు తెలియదు. కళ్ళకు మంచు. చెవులకు ఈ గొంతులు. ఒక పక్కకు పాకి కాడను పట్టుకుంది. గుండ్రంగా, నున్నగా ఉంది. చెయ్యి పెడితే బురద మోచేతిదాకా లాగింది. వెనక్కి వచ్చేసింది. ఇంకో పక్కకు పాకింది. అక్కడా గుండ్రటి కాడే. మళ్ళీ బురద లాగింది.

మూడోసారి తిరిగినప్పుడు వేళ్ళకు అంచు తగిలింది. ఇందాక అరచెయ్యి కోసుకున్న చోటే మళ్ళీ మండింది. లోవమ్మ ఆగింది. ఆ కాడను వేళ్ళ మధ్య తిప్పి చూసింది. ఒకటి, రెండు, మూడు అంచులు.

"ఇది వేరు నూకా" అంది గుసగుసగా. "ఇందాక పరుగెత్తేటప్పుడు ఇది తగిలింది. అప్పుడు బురద చీలమండ దాకే ఉంది."

కాలు పెట్టి చూసింది. చీలమండ దాకా దిగి ఆగింది.

"నా చెయ్యి పట్టుకో. చెవుల మాట వినొద్దు. వేళ్ళు చెప్పిందే విందాం."

ఇద్దరూ వంగి, కాడ తరువాత కాడ తడుముకుంటూ నడిచారు. ఒకసారి కాడ మళ్ళీ గుండ్రంగా తగిలింది. నూకాలు కెవ్వున కేకేసి వెనక్కి తగ్గింది. మళ్ళీ అంచులు వెతుక్కున్నారు. "ఇటు రా తల్లీ" అని గొంతు చెవి పక్కనే పిలుస్తోంది. లోవమ్మ కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. అయినా అటు తిరగలేదు.

ఉన్నట్టుండి ఆమె చేతికి ఒక ముడి తగిలింది. దాని పైన ఇంకో ముడి. ఆ పైన ఇంకోటి. కాలి కింద నేల గట్టిగా ఉంది.

"గట్టు!" అంది లోవమ్మ. అక్కడే కూలబడిపోయింది.

కింద ఊబి ఆకలితో రగిలిపోయింది. "ఏం చేశారే మీరు? ఎవరూ నోరు విప్పలేదు. నేను వింటూనే ఉన్నాను. మరి వాళ్ళకు దారి ఎవరు చెప్పారు?"



ఊబి తుంగ వేళ్ళను కొరికింది. కొరికిన చోటల్లా వేరు వాచి, నల్లటి చిన్న గడ్డ అయింది. వాటినే తుంగముస్తెలు అంటారు. జమ్ము వేళ్ళనూ కొరికింది. ఎంత కొరికినా జమ్ము ఊపిరి వదల్లేదు, తేలుతూనే ఉంది. రెల్లు గట్టు మీద నిలబడి చెల్లెళ్ళ బాధ తెలిసి ఇంకో కేక మింగింది.

పొద్దెక్కాక మంచు కొండకు వెళ్ళిపోయింది. నీటిపాము తల ఎత్తి చూసి, "అయ్యో, ముగ్గురూ మూడు రకాలైపోయారు!" అని ఊబికి చెప్పింది. అప్పటికి చెప్పి ఏం లాభం? బిగుసుకున్నది మళ్ళీ మెత్తబడలేదు. పడిన ముడి మళ్ళీ విడలేదు.

లోవమ్మ ముడులున్న కాడలే ఏరి కోసింది. ఇంటికి తెచ్చి అయ్య మంచం మీదికి కప్పు వేసింది. ఆయన ఆ చలికాలం గట్టెక్కాడు.

 ఒకరోజు నూకాలు చాప అల్లుతూ అడిగింది.

"అక్కా, ఆ గొంతు అమ్మదేనా? నిజంగా అలాగే ఉండేదా?"

లోవమ్మ చాప పని పక్కన పెట్టింది. "అలాగే ఉండేది" అంది. "కానీ అమ్మ కోపంగా అరిస్తే ఇంకా బాగుండేది. 'రాకు' అన్నప్పుడు ఆవంతా దద్దరిల్లింది. అది ఊబికి చేతకాదు."

"ఆ అరుపు నాకు వినిపించు అక్కా."

లోవమ్మ లేచి నిలబడి, గుండెనిండా ఊపిరి తీసుకుని, "రాకు!" అని అరిచింది. గుమ్మంలో పడుకున్న కుక్క లేచి పారిపోయింది. నూకాలు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

ఆ ఏడే అక్కచెల్లెళ్ళిద్దరూ ఊళ్ళో పిల్లలందరినీ కూర్చోబెట్టారు. కళ్ళు మూసుకోమన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కాడ పెట్టి, "ఇదేమిటి? దీని దగ్గర ఎంత లోతుంటుంది? ఇప్పుడు ముందుకు పోవాలా, ఆగాలా?" అని అడిగారు. తప్పు చెప్పిన పిల్లను ఇంటికి పోనివ్వలేదు. వేళ్ళు తప్పు చెప్పడం మానేదాకా మళ్ళీ మళ్ళీ కాడలు చేతిలో పెట్టారు.

అప్పటినుంచే రెల్లుకు కణుపులు, తుంగకు మూడు అంచులు. అప్పటినుంచే జమ్ముకాడ గుండ్రంగా, నున్నగా, ఎక్కడా ముడి లేకుండా, లోపల బెండుతో ఉంటుంది. కోసి కట్ట కట్టి నీళ్ళలో వేస్తే ఈరోజుకీ మునగదు. అప్పటినుంచే ఆవ ఒడ్డున చాపలు అల్లేవాళ్ళు మంచు కమ్మితే కళ్ళను నమ్మరు, చెవులను నమ్మరు. వంగి కాడను తడుముతారు. అది గుండ్రంగా, నున్నగా తగిలిందా, ముందర ఎవరు ఎంత ముద్దుగా పేరుపెట్టి పిలుస్తున్నా సరే, పలకకుండా వెనక్కి తిరిగిపోతారు.